ఇస్కపల్లి పలక

చేపల రేట్లు రాసే నల్లపలక అది.
పెంచలయ్య టీకొట్టు గోడకి, మేకు వంకరపోయి
కొంచెం ఎడమకి ఒరిగి ఉంటుంది.
పైన వంజరం, కానాగంత, ముప్పై కౌంటు రొయ్య.
అడుగున జానెడు చోటు మాది.

అక్కడ మొదట రాసింది నేనే.
ఉప్పు కొటార్ల కాడ కాటా పద్దులు రాసేదాన్ని,
మూటకీ మూటకీ మధ్య తలెత్తితే
మడిలో తెడ్డుమూతి కొంగలు పదకొండు,
పాయసం అడుగంటకుండా గంటె తిప్పినట్టు
నీళ్లని అటూ ఇటూ తిప్పతా ఉన్నాయి.
ఆ పూట ఉప్పు లెక్క తప్పింది.
కొంగల లెక్క తప్పలేదనుకున్నా.
ఎవరికో ఒకరికి చెప్పకపోతే
గొంతులో ముల్లు ఇరుక్కున్నట్టే ఉండింది.
సుద్దముక్క అడిగి రాశా:
"తెడ్డుమూతులు 11. మూడో మడి. పొద్దున ఏడు."

మర్నాడు దాని కింద ఇంకెవరిదో రాత:
"పన్నెండు. ఒకటి గట్టెనకాల ఉండింది."

ఆ చెయ్యి ఎవరిదో తెలియడానికి నాలుగు రోజులు పట్టింది.
మోపెడ్ మీద చేపలబుట్టతో అల్లూరు దాకా పోయే ఖాజాబీ.
పిట్టల్ని ఆమె నడకని బట్టి పిలుస్తుంది.
జిట్టంగి ఆమెకి కొత్తకోడలు,
నాలుగడుగులేసి, తోకాడించి,
అత్త చూస్తందేమో అని వెనక్కి చూస్తదంట.
పుస్తకంలో ఉన్న పేరు చెప్పా. ఓపిగ్గా విన్నది.
"ఆ రాసినాయన దీన్ని చూడలేదులే" అన్నది.

కావలి బస్సు డ్రైవరు ఏసుపాదం
బండి ఆపకుండానే కిటికీలోంచి అరుస్తాడు:
"కాలవ వంతెన! తీగ మీద! నీలంది..."
మిగతాది హారను మింగేస్తుంది.
ఆ మిగతాదాని కోసం సాయంత్రం దాకా కొట్లాట,
లకుముకా, పాలపిట్టా,
తీగ ఊగిందా, తల పెద్దదా,
రెండు టీలు చల్లారిపోయేదాకా.

నేనూ ఒకసారి రాశా, "ఉప్పుగుట్ట మీద తెల్లడేగ" అని.
ముగ్గురు పనులు మానుకోని వచ్చారు.
గుట్ట మీద సిమెంటు సంచి, గాలికి రెక్కలాడిస్తా.
ఇప్పటికీ నేను ఏం చూశానన్నా
"ఎగిరిందా మే, చిరిగిందా?" అంటారు.

పెంచలయ్య మాత్రం మాలో కలవడు.
పొయ్యి వదిలి పది గజాలు పోడు.
"పిట్టలు కూడుబెడతయ్యా?" అంటాడు, పాలు పొంగితే మాదే తప్పంటాడు.
రాత్రి తీతువు కూస్తే లేచి మూడుసార్లు ఉమ్ముతాడు,
చావుకబురు తెచ్చే ముండ అని.

ఏప్రిల్లో, లారీలు తిరిగే బాటకి బారెడు దూరంలో
నాలుగు గులకరాళ్లు కనిపించాయి నాకు.
వంగితే రాళ్లు కావు.
మచ్చల గుడ్లు, ఉత్త నేల మీద, ఎండలో.
నెత్తిమీద తీతువు తిట్లు.
ఆ రోజు పలక దాకా వచ్చి సుద్ద తీసుకోని
మళ్లీ డబ్బాలో వేసేశా.
అంత మంచిది చూసి చెప్పకుండా ఉండటం
అదే మొదటిసారి.

మర్నాడు అడ్డంగా పెడదామని రాళ్లు మోసుకోని పోతే
అప్పటికే రాళ్లున్నాయి, వరసగా, లారీ చక్రం అంత ఎత్తు.
మూడోనాడు ఒక కర్రకి ఎర్రగుడ్డ,
ఖాజాబీ బుట్ట మీద కప్పే గుడ్డలాంటిది.
ఏసుపాదం ఆ వారమంతా ఏమీ అరవలేదు.
ముగ్గురం ఎదురెదురు కూచోని
వంజరం రేటు గురించి మాట్లాడుకున్నాం,
దొంగల్లాగా నవ్వు ఆపుకుంటా.

నెలాఖరులో ఒక పొద్దున
గూడు కాడ పెంకులే ఉన్నాయి.
పిల్లలు గట్టు దిగి ఉరుకుతున్నాయి,
కాళ్లొచ్చిన దూదిపింజలు.
పరుగున వచ్చి, చోటు చెప్పకుండా రాశా:
"తీతువు పిల్లలు 3."

మధ్యాహ్నం భోజనానికి వచ్చి చూస్తే
ఆ మూడు కొట్టేసి ఉంది.
పక్కన లావుపాటి నాలుగు,
పైన వంజరం రేటు రాసిన చెయ్యే.
పెంచలయ్య అటు తిరిగి
గ్లాసులు కడుగుతున్నాడు,
కడిగినవే మళ్లీ.